లూథరన్ దేవాలయములో మొదటి ఆదివారము

నిమ్మనపల్లె నుండి ఒక రైతుగారు మాకు ఉత్తరము వ్రాసినారు. ఉత్తరము చిన్నది, అందలి సందేహము మాత్రము చిన్నది కాదు. వారి కుమారుడు తిరుపతిలో ఉద్యోగము చేయుచున్నాడు. అతనితో కలసి పనిచేయు మిత్రుడొకడు లూథరన్ క్రైస్తవుడు. ఆ మిత్రుని బిడ్డకు వచ్చు నెలలో ఒక ఆదివారమునాడు బాప్తిస్మము. కుటుంబమంతయు తప్పక రావలెనని పిలుపు వచ్చినది. "వారు సంక్రాంతికి మా ఇంట మాతో పంక్తిని కూర్చుండి భోజనము చేసినవారు. మేము పోకున్న మర్యాద కాదు. పోయి, లేవవలసినచోట కూర్చుండి, కూర్చుండవలసినచోట లేచి, నలుగురిలో వారిని చిన్నబుచ్చుదుమేమో యని భయముగా నున్నది. లోపల ఏమి జరుగునో ముందుగా తెలిసినచో ధైర్యముగా పోవుదుము." ఇదీ ఆ ఉత్తరపు సారాంశము.

ఈ భయము మాకును క్రొత్తది కాదు. కళాశాలలో చదువుకొను దినములలో మాతో ఒకే గదిలో నున్న మిత్రుని తండ్రిగారు కాలము చేసినారు. ఆయన లూథరన్ సంఘమువారు. మేము కబురు వినిన వెంటనే బస్సెక్కి ఆ ఊరు చేరితిమి. దేహమును దేవాలయములోనికి తీసికొనిపోయినారు. అందరును లోపలికి పోయినారు. మేము మాత్రము వాకిట వేపచెట్టు క్రిందనే నిలిచిపోయితిమి. పోవలదని మమ్ము ఎవరును అనలేదు. మా ఇంటివారికిని అభ్యంతరము లేదు. లోపల ఏమి చేయవలెనో తెలియకపోవుటే కారణము. ఆరాధన ముగిసి వెలుపలికి వచ్చిన మిత్రుడు మమ్ము చూచి, "ఇంతదూరము వచ్చి ఇక్కడ నిలబడినావా?" అని ఒక్క మాట అన్నాడు. ఆ మాటలో కోపము లేదు. కోపమైనచో మరచిపోయియుందుము.

కనుక రైతుగారికి సమాధానముగను, అట్టి సందేహము గల తక్కిన శ్రోతలకు ఉపయోగముగను, లూథరన్ ఆరాధనలో ఆదినుండి అంతము వరకు ఏమి జరుగునో నేడు చెప్పదలచితిమి. మత విచారణ మా ఉద్దేశము కాదు. ఇరుగుపొరుగువారి ఇంటి గడపయెత్తు తెలిసికొన్నచో తల తగులకుండ లోపలికి పోవచ్చును, అంతమాత్రమే.

ముందుగా, లూథరన్లు అనగా ఎవరు? జర్మనీ దేశమున 1483లో జన్మించిన మార్టిన్ లూథరు సన్యాసి. విట్టెన్‌బర్గు విశ్వవిద్యాలయమున వేదాంతము బోధించిన ఆచార్యుడు. పాపపరిహార పత్రములను ధనమునకు విక్రయించు పద్ధతిని ఖండించుచు, 1517 అక్టోబరు 31వ తేదీన ఆయన తొంబదియైదు వాదములను ప్రకటించినాడు. మనుష్యుడు తన పుణ్యకార్యముల వెల చెల్లించి దేవుని యనుగ్రహమును కొనజాలడనియు, అది విశ్వాసమున ఉచితముగ లభించు దానమనియు ఆయన బోధ. ఆ తేదీని లూథరన్లు నేటికిని సంస్కరణ దినముగా జరుపుకొందురు. ఆ నాటి కలహము వలన చీలిన రోమను కథోలికులును లూథరన్లును ఈ విషయమునే గురించి 1999లో, అదే అక్టోబరు 31న, ఆగ్స్‌బర్గు పట్టణమున ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకములు చేసినారు. దాదాపు ఐదువందల ఏండ్ల తగవులో ప్రధానమైన ముడి అట్లు చాలవరకు సడలినది.

లూథరు చేసిన మరొక పని మన విషయమునకు మిక్కిలి దగ్గరిది. అంతవరకు ఆరాధన లాటినులో జరుగుచుండెను. సామాన్యులకు అది అర్థమగునది కాదు. ఆయన క్రొత్తనిబంధనను 1522లో జర్మను భాషలోనికి తెచ్చినాడు. బైబిలంతయు 1534లో వెలువడినది. 1526లో జర్మను భాషలోనే ఆరాధన క్రమమును కూర్చినాడు. పాటలు తానే వ్రాసి, గాయకులు మాత్రమే గాక జనులందరును గొంతు కలిపి పాడవలెనన్నాడు. నేడు తిరుపతిలోనో గుంటూరులోనో ఆరాధన తెలుగులో వినవచ్చుటకును, అందరును కలసి పాడుటకును మూలము అక్కడనే ఉన్నది.

మన దేశమునకు వచ్చిన తొలి ప్రొటెస్టెంటు మిషనరీలు లూథరన్లే. జీగెన్‌బాల్గు, ప్లూచో అను ఇరువురు 1706 జూలైలో తరంగంబాడి రేవున దిగినారు. వారి తరువాత వచ్చిన బెంజమిన్ షుల్జు మద్రాసులో తెలుగు నేర్చి, బైబిలును తెలిగించుటకు పూనుకొన్నాడు. స్వదేశమునకు మరలిన పిమ్మట హాలే నగరములో 1746, 1747 సంవత్సరములలో ఆయన అచ్చొత్తించిన చిన్న పుస్తకములే తెలుగున అచ్చయిన మొట్టమొదటి గ్రంథములని చెప్పుదురు. మతము మాట యెట్లున్నను, తెలుగు అక్షరము అచ్చునకు ఎక్కిన కథలో ఆయనకొక స్థానమున్నది.

కోస్తాలో ఈ సంఘమునకు పునాది వేసినవాడు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు. జర్మనీలో పుట్టి అమెరికాలో పెరిగిన ఆయన 1842 జూలై 31న గుంటూరు చేరినాడు. ఆయన నాటిన సంఘమే 1927లో ఆంధ్ర ఇవాంజలికల్ లూథరన్ సంఘముగా రూపొందినది. గుంటూరులో ఆంధ్ర క్రైస్తవ కళాశాల, డాక్టర్ అన్నా కుగ్లరు స్థాపించిన ఆసుపత్రి ఆ సంఘపు చరిత్రలోనివే. మన రాయలసీమకు తూర్పువైపున, సూళ్లూరుపేట, నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి ప్రాంతములలో జర్మనీలోని హెర్మన్స్‌బర్గు మిషనువారు పనిచేసినారు. 1865లో మిలియసు దొరగారు ఆ పనిని ప్రారంభించినారు. మొదటి ప్రపంచయుద్ధానంతరము అమెరికాలోని ఒహాయో సినడువారు ఆ భారమును స్వీకరించినారు. అదియే నేటి దక్షిణాంధ్ర లూథరన్ సంఘము. కుప్పమునకు ఆవలనున్న కృష్ణగిరిలో 1895లో మిస్సోరి సినడువారు మరొక లూథరన్ మిషనును ఆరంభించినారు.

మరి నిమ్మనపల్లెలోను మదనపల్లెలోను లూథరను అను మాట అంతగా వినబడదేమి? ఈ సీమలో ప్రధానముగ పనిచేసినవారు అమెరికా రిఫార్మ్డ్ సంఘమునకు చెందిన ఆర్కాటు మిషనువారు. ఒక మిషను పనిచేయుచోట మరొకటి గుడారము వేయరాదని నాటి మిషనుల మధ్య ఒడంబడిక. ఆర్కాటు మిషను సంఘములు కాలక్రమమున, 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో కలసినవి. లూథరన్లు ఆ సమ్మేళనమున చేరక వేరుగానే నిలిచినారు. అయినను ఈ సీమకు వారితో బంధుత్వము లేకపోలేదు. పెక్కు మిషనులు కూడి నెలకొల్పిన ఆరోగ్యవరపు క్షయ చికిత్సాలయమునకు తొలి అధిపతియైన డాక్టర్ ఫ్రిమోత్ మోలరు డెన్మార్కు లూథరన్ మిషను ద్వారా వచ్చినవారే. బాహుదా యొడ్డుననుండి ఎందరు రోగులు ఆ కొండగాలికి పోయి స్వస్థులై తిరిగివచ్చినారో పెద్దలెరుగుదురు.

ఇక ఆదివారమునకు వత్తము. ఆరాధన వేళ ఊరినిబట్టి యుండును. పిలిచినవారిని అడిగి తెలిసికొని, పావుగంట ముందుగా పోవుట మంచిది. మామూలుగా గంటన్నర పట్టును. సంస్కారము, బాప్తిస్మము ఉన్ననాడు రెండు గంటలు దాటవచ్చును. దుస్తుల విషయమున నిబంధన లేదు. పెండ్లికి పోవునట్టి ఆడంబరము వలదు, పొలమునకు పోవునట్టి అలక్ష్యమును వలదు. చెప్పులు విడుచుటలో పల్లెకు, పట్టణమునకు భేదమున్నది. చాపలు పరచిన పల్లె దేవాలయములలో వాకిటనే విడుతురు. బల్లలు వేసిన పట్టణపు దేవాలయములలో పెక్కుమంది చెప్పులతోనే పోవుదురు. గుమ్మము వద్ద జోళ్లు కనబడినచో మీరును విడువుడు. స్త్రీలు ప్రార్థనవేళ పైట చెంగు తలపై కప్పుకొందురు. అతిథులైన స్త్రీలకు అది విధి కాదు. కప్పుకొన్న వారిని చూచి సంతోషింతురు. పురుషులు తలపాగాను తీసి చేత బట్టుకొందురు. పలుచోట్ల స్త్రీలొక ప్రక్క, పురుషులొక ప్రక్క కూర్చుండు వాడుక ఇప్పటికిని ఉన్నది. కనుక దంపతులు వాకిట ఒక్క నిమిషము నిలిచి, ఎవరెటు పోవుచున్నారో చూచి లోపలికి పోవుట మేలు.

మరియొక చిన్న మాట. మొదటి వరుసలో కూర్చుండకుడు. అది గౌరవస్థానమని భావించి పెద్దమనుష్యులు అందు కూర్చుందురు. ముందు ఎవరును లేనందున ఎప్పుడు లేవవలెనో తెలియక ఇబ్బంది పడుదురు. నాలుగవ వరుసలోనో ఐదవ వరుసలోనో కూర్చున్నచో ముందువారే మీకు గురువులు. వారు లేచినప్పుడు లేచి, కూర్చున్నప్పుడు కూర్చున్న చాలును. మోకరించినప్పుడు మీరు మోకరింప నక్కరలేదు. తలవంచి కూర్చుండుట సరిపోవును.

కూర్చున్న పిమ్మట ఒకసారి ఎదుటికి చూడుడు. నడిమి భాగమున బలిపీఠము, దానిపై సిలువ, ఇరుప్రక్కల వెలుగు క్రొవ్వొత్తులు. దానిమీద పరచిన వస్త్రపు రంగు ఆ కాలమును తెలుపును. క్రీస్తు జననమునకు ముందు నాలుగు వారములును, ఈస్టరునకు ముందు ఉపవాస దినములును ఊదారంగు, క్రిస్మసు, ఈస్టరు పండుగలకు తెలుపు, పెంతెకొస్తునకు ఎరుపు, మిగిలిన దీర్ఘకాలమంతయు పచ్చన. పంచాంగము ఇంట గోడకు వ్రేలాడునట్లు వారి సంవత్సరము బలిపీఠముపై వ్రేలాడును. పాస్టరుగారు తెల్లని అంగీ తొడిగి, మెడనుండి అదే రంగు పట్టెడను ధరించి వత్తురు. బోధపీఠము ఒక ప్రక్కను, బాప్తిస్మపు తొట్టి మరియొకచోటను ఉండును. గోడకు చిన్న బల్లపై కొన్ని అంకెలు కనబడును. అవి ఆనాడు పాడు కీర్తనల సంఖ్యలు. ప్రక్కవారిని అడిగినచో పాటల పుస్తకము మీ చేతికిత్తురు.

ఆ పుస్తకమును తెరచినచో సంగీతము తెలిసిన శ్రోతలకు ఒక ఆశ్చర్యము కలుగును. కీర్తనపై రాగము, తాళము వ్రాసియుండును. క్రింద పల్లవి, అనుపల్లవి, చరణములు. పురుషోత్తమ చౌదరిగారు మొదలగు కవులు మన కీర్తన సంప్రదాయములోనే క్రైస్తవ గీతములను కట్టినారు. 1803లో పుట్టి 1890 వరకు జీవించిన చౌదరిగారు లూథరన్ సంఘమువారు కారు. అయినను ఆయన కీర్తనలు పాడని తెలుగు ప్రొటెస్టెంటు సంఘము లేదనుట అతిశయోక్తి కాదు. ఇవిగాక జర్మనీ నుండియు ఇంగ్లండు నుండియు వచ్చిన పాటల తెలుగు సేతలును ఉన్నవి. ఒక ఆరాధనలోనే హార్మోనియముపై ఒకటి పాశ్చాత్య వరుసలోను, మరొకటి తబలాతో మన రాగములోను వినబడును. మీకు పాడవలెనని తోచిన పాడుడు; లేనిచో పుస్తకము చేత బట్టుకొని నిలిచిన చాలును.

ఆరాధన క్రమము శతాబ్దములనుండి వచ్చుచున్న మెట్లవరుస. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమున ఆరంభము. వెంటనే పాపముల ఒప్పుకోలు. ఇచ్చట గమనింపదగినది యొకటి. పాస్టరుగారు జనులను నిందించుటకు ఎక్కరు. జనులతోపాటు తామును ఒప్పుకొందురు. పిదప క్షమాపణ వాక్యమును ప్రకటింతురు. తరువాత స్తోత్రములు, "ప్రభువా, కరుణించుము" అను మొర, ఆ దినమునకు ఏర్పరచిన చిన్న ప్రార్థన. కొన్ని మాటలను పాస్టరుగారు పలుకగా కొన్నిటిని జనులు బదులు పలుకుదురు. పురాణ కాలక్షేపమున ఊకొట్టుట ఎరిగిన మనకు ఇది వింత కాదు. మాటిమాటికి వినవచ్చు "ఆమేన్" అను మాట హెబ్రీ భాషలోనిది; "అట్లే అగుగాక" అని దాని యర్థము.

పిమ్మట గ్రంథపఠనము. పాతనిబంధన నుండియు అపొస్తలుల పత్రికల నుండియు చదువునప్పుడు కూర్చుందురు. సువార్తను చదువునప్పుడు లేచి నిలుచుందురు. ఆ భాష మన నిత్యవ్యవహారమునకు కొంత దూరముగ, పాత గ్రంథపు వాసనతో నుండును. మొదటి రెండు వాక్యములు చెవికి క్రొత్తగ తోచినను మూడవదానికి అలవడును. తరువాత అందరును నిలిచి విశ్వాస ప్రమాణమును ఒకే గొంతుతో చెప్పుదురు. అది వారి నమ్మకమును వారు దేవుని యెదుట ప్రకటించుకొనుట. నమ్మనివారు పెదవి కదుపవలెనని ఎవరును కోరరు. నమ్మని మాటను మర్యాదకై చెప్పుటకంటె మర్యాదగ మౌనముండుట మేలు. లేచి నిలుచుట మాత్రము తప్పక చేయదగినది. అది మతమునకు గాదు, మనుష్యులకు చూపు గౌరవము.

ప్రసంగము లూథరన్ ఆరాధనకు రెండు కండ్లలో ఒకటి, రెండవది సంస్కారము. ఆనాడు చదివిన సువార్త భాగమునే పాస్టరుగారు వివరింతురు. ధర్మశాస్త్రము, సువార్త అను రెండు మాటలు వారి ప్రసంగమున తరచుగ వినబడును. మనుష్యుడు చేయవలసినదానిని, చేయలేకపోయిన లోపమును ధర్మశాస్త్రము చూపును. ఆ లోపమునకు దేవుడు చూపిన కరుణను సువార్త చెప్పును. ఈ సూత్రము తెలిసియున్నచో ప్రసంగము ఎటుపోవునో మీకు ముందే తెలియును. తరువాతి ప్రార్థనలో సంఘమువారినే గాక దేశమును, పాలకులను, రోగులను, ప్రయాణము చేయువారిని, వర్షమును, పంటను తలచుకొందురు. నిమ్మనపల్లె రైతుగారు తమకై ప్రత్యేకముగ చేసిన ప్రార్థనయని తలచినను తప్పులేదు.

కానుకల వేళ సంచియో పళ్లెమో వరుసవెంబడి వచ్చును. వేయవలెనను నిర్బంధము అతిథికి లేదు. వేయదలచినచో తోచినది వేయవచ్చును; లేనిచో ప్రక్కవారికి అందించుడు. ఎవరును మీ చేతివైపు చూడరు.

ఇక అన్నిటికంటె జాగ్రత్తగ చెప్పవలసిన విషయము ప్రభురాత్రి భోజన సంస్కారము. మా అజ్ఞానమును ఇచ్చట మరల ఒప్పుకొనవలసియున్నది. వేపచెట్టు ముచ్చట జరిగిన కొన్నేండ్లకు, ఈ పర్యాయము వెలుపల నిలువరాదను పట్టుదలతో వేరొక ఊరి దేవాలయమునకు పోయితిమి. అందరును లేచి బలిపీఠము వైపు పోవుచుండగా, ప్రసాదము పంచుచున్నారు, పుచ్చుకొనకున్న అపచారమను తలంపుతో మేమును వరుసలో నిలిచితిమి. కటకటాల దగ్గరకు రాకమునుపే ఒక సంఘపెద్ద మా మోచేయి మెల్లగ పట్టి, "బాబూ, మీరు ఇక్కడ కూర్చుండుడు" అని తన ప్రక్కన చోటు చూపినారు. నాటికి కొంత చిన్నతనముగ తోచినది. ఆరాధన ముగిసిన పిమ్మట ఆయనే వచ్చి కారణము చెప్పగా ఆ చిన్నతనము పోయినది.

ఆయన చెప్పినదానిని మా మాటలలో చెప్పుదుము. మనకు ప్రసాదము దేవుని యెదుటనుండి వచ్చి అందరికి చెందునది, దారిన పోవువానికిని పెట్టుదుము, కాదన్నవాడు అపరాధి. ఇది అట్టిది కాదు. క్రీస్తు తన శిష్యులతో చేసిన కడపటి భోజనమును తలచుకొని, ఆ రొట్టెలోను ద్రాక్షారసములోను ఆయన శరీరమును రక్తమును నిజముగ పొందుచున్నామని లూథరన్లు విశ్వసింతురు. అది కేవలము జ్ఞాపక చిహ్నమని చెప్పు సంఘములతో లూథరునకు తన కాలముననే వాదము నడచినది. కనుక దానిని పుచ్చుకొనుట ఒక ప్రమాణము చేయుట వంటిది. బాప్తిస్మము పొంది, లూథరు చిన్న ప్రశ్నోత్తరిని చదివి, సంఘము ఎదుట తమ విశ్వాసమును స్థిరపరచుకొన్నవారే దానిని తీసికొందురు. వారి బిడ్డలును ఆ వయస్సు వచ్చువరకు వేచియుందురు. తెలియని అతిథిచేత ప్రమాణము చేయింపరాదనుటయే గాని, అతనిని దూరముంచవలెనని కాదు. కనుక ఆ వేళ మీ స్థానముననే నిమ్మళముగ కూర్చుండుడు. ఎవరైనను దాటిపోవుటకు కాళ్లు ముడిచి దారి యిచ్చిన చాలును.

అట్లు కూర్చున్నవారు ఒక దృశ్యమును చూడగలరు. కటకటాల ఎదుట జనులు వరుసగ మోకరింతురు. ఉద్యోగి, కూలి, డాక్టరు, ఆయా, ముసలమ్మ, కొత్త పెండ్లికొడుకు. ఎవరి ప్రక్కన ఎవరు మోకరింతురో ముందుగ నిర్ణయించువారు లేరు. ఒకే పళ్లెమునుండి రొట్టె. పలుచోట్ల ఒకే గిన్నెనుండి రసము, కొన్నిచోట్ల చిన్న చిన్న గిన్నెలనుండి. తెలుగుదేశపు లూథరన్ సంఘములలో పెక్కుమంది, ఒకప్పుడు ఊరిబావి వద్ద నీరు ముట్టనీయక, గుడివాకిలి దాటనీయక ఊరివెలుపల నుంచబడినవారి సంతతి. వారి తాతముత్తాతలకు ఈ ఒక్క గిన్నె ఏమైయుండెనో ఊహింపవచ్చును. క్రైస్తవ సంఘములలో కులభేదము పూర్తిగ సమసినదని మేము చెప్పము, వారును చెప్పరు. అయినను మోకరించిన ఆ కొన్ని నిమిషములు ఆ మాటను జ్ఞాపకము చేయుచునే యుండును.

రైతుగారు పోవుచున్నది బాప్తిస్మమునకు గదా. లూథరన్లు పసిబిడ్డలకును బాప్తిస్మమిత్తురు. అనుగ్రహము మనుష్యుని పనివలన గాక దానముగ వచ్చునను నమ్మకమునకు, ఏమియు చేయజాలని పసికందు కంటె మంచి నిదర్శనమేమున్నది? తల్లిదండ్రులును, జ్ఞాన తలిదండ్రులును బిడ్డను ఎత్తుకొని తొట్టి వద్దకు పోవుదురు. పాస్టరుగారు ప్రశ్నలడుగుదురు, బిడ్డ తరఫున పెద్దలు బదులు చెప్పుదురు. పేరు పిలిచి, త్రియేక దేవుని నామమున ముమ్మారు తలపై నీళ్లు పోయుదురు. బిడ్డ ఏడ్చును, అందరును నవ్వుకొందురు. ఆ ఘట్టమున అతిథి చేయవలసినదేమియు లేదు, చూచి సంతోషించుట తప్ప. బారసాలకు పోవునట్లు బిడ్డకు గౌనో, చిన్న కానుకయో తీసికొనిపోయినచో ఇంటికి పోయిన పిమ్మట ఇయ్యవచ్చును. లోపల ఛాయాచిత్రములు తీయుటకు ముందుగ అడిగి అనుమతి పొందుట మంచిది. చేతిలోని ఫోనును మూయుట మరవకుడు.

చివర ఆశీర్వచనము. పాస్టరుగారు చేతులెత్తి, మోషే కాలమునాటి మూడు వాక్యముల దీవెనను పలుకుదురు. అందరును తలలు వంతురు. దీవెనకు మాత్రము సభ్యత్వపు నియమము లేదు. అది ఆ కప్పుక్రింద నున్న వారందరిపైనను పడును. తరువాత వాకిట పాస్టరుగారు నిలిచి ఒక్కొక్కరిని పలుకరింతురు. "వందనాలండీ" అని వారనగా మీరు నమస్కారమన్నను సరియే, వందనములన్నను సరియే. క్రొత్తవారిని లేచి పేరు చెప్పుమని నడిమిలో కోరు అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. ఊరు, పేరు, ఎవరి పిలుపుపై వచ్చినారో చెప్పి కూర్చున్న చాలును. అందువలన మీరు సంఘములో చేరినట్లు ఎవరును భావింపరు.

బాప్తిస్మమునకు పోలేనివారు పంట పండుగకు పోయి చూడవచ్చును. ఆనాడు సంఘమువారు తమ చేలనుండి తొలిఫలములను తెచ్చి బలిపీఠము ముందర పెట్టుదురు. ధాన్యము, గుమ్మడి, అరటిగెల, కోడిపుంజు ఒక్కచోట చేరును. ఆరాధనానంతరము వాటిని వేలము వేయుదురు. పది రూపాయల సొరకాయ నూరు రూపాయలకు పోవును. పాడినవానికి నష్టమను తలంపే రాదు. టమాటా వేలములో ధర పడిపోయిన దినము ముఖము వాడ్చుకొని ఇంటికి మరలు మదనపల్లె రైతునకు ఆ వేలము చూచుట ఒక వినోదమేగాక ఊరటయు నగును.

ప్రపంచమున నేడు ఏడుకోట్లకు పైగా లూథరన్లున్నారు. జర్మనీలోని రాతి దేవాలయములో పియానో కంటె పెద్దదైన వాద్యము మ్రోగును. సూళ్లూరుపేట వద్ద ఏ పల్లెలోనో తాటాకు పందిరి క్రింద ఒక డోలు మ్రోగును. మెట్లవరుస మాత్రము ఒకటే: ఒప్పుకోలు, క్షమాపణ, పఠనము, ప్రసంగము, భోజనము, దీవెన. ఆ వరుసను ఈ సాయంత్రము మీరు వినినారు. ఇక లోపల దారి తప్పుటకు అవకాశము తక్కువ. తప్పినను మోచేయి పట్టి చోటు చూపు పెద్ద ఒకరు ఎప్పుడును ఉందురు.

నిమ్మనపల్లె రైతుగారికి మా మనవి ఒక్కటే. తప్పక పోయిరండు. నాలుగవ వరుసలో కూర్చుండుడు. లేచుటలో ఒకసారి ఆలస్యమైనచో ఎవరును లెక్కపెట్టరు. ఆరాధన ముగిసి వెలుపలికి వచ్చునప్పుడు మీ కుమారుని మిత్రుడు మీ కొరకు నలువైపుల చూచును. అప్పుడు మీరు అతని వెనుకనే, గడప లోపలనుండి వచ్చుచుండవలెను. మేము మా మిత్రునికి ఆ సంతోషమును కలిగింపలేకపోయితిమి.